సమ్మె ఎవరిది, నడక ఎవరిది?

కేప్‌టౌన్‌లో టాక్సీ అంటే మీటరు వేసుకుని తిరిగే కారు కాదు. పక్కకు జరిగే తలుపున్న తెల్లటి టొయోటా వ్యాను. ప్రయాణికుల సీట్లు పదిహేను, ఎక్కేవాళ్లు అంతకు తగ్గరు, తరచుగా పెరుగుతారు కూడా. మన షేర్ ఆటోకి పెద్దన్న అనుకుంటే సరిపోతుంది. తలుపు దగ్గర వేలాడుతూ 'గార్చీ' అనే కుర్రాడుంటాడు. మెయిన్ రోడ్డు పొడుగునా "కేఏఏప్‌టౌన్", "వైన్‌బర్గ్" అని రాగం తీస్తూ, రోడ్డుకి అవతల నడుస్తున్న మనిషిని కూడా ఒక్క చూపుతో ఎక్కించేస్తాడు. వెనక వరసలోంచి డబ్బులు చేతులు మారుతూ ముందుకొస్తాయి, మిగిలిన చిల్లర అదే దారిన వెనక్కి పోతుంది. పాట చెవులు పగిలేలా మోగుతూనే ఉంటుంది. ఎవరి లెక్కా తప్పదు.

దక్షిణాఫ్రికాలో ప్రజా రవాణా మీద ఆధారపడేవాళ్లలో అత్యధికులు ఇలాంటి వ్యాన్లలోనే పనికి పోతారు. అవి ఆగితే దేశం ఆగినట్టే. 2023 ఆగస్టు 3, గురువారం మధ్యాహ్నం కేప్‌టౌన్‌లో అవి ఆగిపోయాయి.

ముందురోజు చెప్పి ఉంటే జనం ఇంటిపట్టునే ఉండేవారు. పొద్దున టాక్సీ ఎక్కి పనికొచ్చినవాళ్లకు సాయంత్రం టాక్సీ లేదు. ఆగస్టు అక్కడ చలికాలం, వానలూ అప్పుడే. ఆరు దాటేసరికి చీకటి పడుతుంది. శాంటాకో అనే టాక్సీ యజమానుల సంఘం పశ్చిమ కేప్ రాష్ట్ర శాఖ వారం రోజుల సమ్మె ప్రకటించేనాటికి ఈ వ్యాసకర్త ఆ ఊళ్లో ఆబ్జర్వేటరీ అనే పేటలో అద్దెకుంటున్నాడు. ఆ పేట పక్కనుంచే ఎన్2 రహదారి విమానాశ్రయం వైపు, అక్కణ్నుంచి ఊరి శివారులోని నల్లవాళ్ల పేట ఖాయెలిత్షా వైపు పోతుంది. మామూలు రోజుల్లో ఆ రోడ్డు మీద మనిషి కాలు పెట్టకూడదు, వాహనాలకు మాత్రమే. ఆ సాయంత్రం దాని అంచున మనుషుల వరస కదులుతోంది. గళ్ల ప్యాంటు మీదే జాకెట్ తొడుక్కున్న హోటల్ వంటవాడు. నీలం ఓవరాల్స్‌లో ఇద్దరు మేస్త్రీలు. బ్లేజర్ వేసుకున్న బడిపిల్లాడు. సూపర్‌మార్కెట్ సంచిలో ఆఫీసు బూట్లు పెట్టుకుని, కాళ్లకు ఇంట్లో తొడుక్కునే స్లిప్పర్లతో నడుస్తున్న ఒకావిడ. ఎవరూ నినాదాలివ్వడం లేదు. ఊరి నడిబొడ్డు నుంచి ఖాయెలిత్షా ముప్ఫై కిలోమీటర్లు. గబగబా నడిచినా అర్ధరాత్రి దాటుతుంది.

గొడవకు మూలం చూడబోతే చిన్నదే. నగరపాలక సంస్థ ట్రాఫిక్ నిబంధనలు బిగించి, లైసెన్సు లేని డ్రైవర్లు నడిపే బండ్లను, రూటు పర్మిట్ లేని బండ్లను జప్తు చేయడం మొదలుపెట్టింది. యజమానుల వాదన ఒకటే: అదే తప్పు సొంత కారువాడు చేస్తే చలానా రాసి పంపిస్తారు, మేం చేస్తే బండే లాక్కుపోతారు, విడిపించుకోవాలంటే వేల రాండ్లు కట్టాలి. పర్మిట్ లేకుండా తిరిగే బండిని పట్టుకోమని 2009 నాటి జాతీయ రవాణా చట్టమే చెబుతోందని నగరం జవాబు. ఇందులో రాజకీయమూ ఉంది. అప్పటి జాతీయ ప్రభుత్వం ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ది, నగరమేమో దాని ప్రత్యర్థి డెమొక్రాటిక్ అలయన్స్‌ది, ఎన్నికలు మరుసటి ఏడాదే. సమ్మె మధ్యలో ఆగస్టు 8న రవాణా మంత్రి సిందిసివే చికుంగా ఈ జప్తులు చెల్లవు, బండ్లు వెంటనే వదలమన్నారు. మేయర్ జోర్డిన్ హిల్-లూయిస్ వదలనన్నారు. పెద్దలిద్దరూ చట్టం పుస్తకాలు తెరుచుకుని కూర్చుంటే, కింద గోల్డెన్ యారో కంపెనీ బస్సులు తగలబడుతున్నాయి.

నగరం చెప్పిందాంట్లో న్యాయం లేకపోలేదు. టాక్సీలు ఎర్రదీపం దాటడం, ఎదురు లేన్లో దూరడం ఆ ఊళ్లో రోజూ కనిపించే దృశ్యమే. అయితే డ్రైవరు ఎందుకంత దూకుడుగా పోతాడో కూడా చూడాలి. చాలామంది రోజుకింత, వారానికింత అని యజమానికి కట్టి, మిగిలింది ఇంటికి తీసుకుపోతారు. ట్రిప్పు తగ్గితే తన కూడే తగ్గుతుంది. బస్సుకీ రైలుకీ ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. అత్యధికుల్ని మోసే ఈ వ్యానుకి దాదాపు ఏమీ ఇవ్వదు. మంచి ప్రయత్నం ఒకటి జరిగింది. 2021 మేలో పశ్చిమ కేప్ ప్రభుత్వం 'బ్లూ డాట్' అనే పథకం పెట్టింది. బండికి జీపీఎస్ బిగించి, నెమ్మదిగా, పద్ధతిగా నడిపినవాళ్లకు డబ్బులిచ్చేవారు. నిధులు లేవని 2022 నవంబరులో ఆపేశారు. అదే నెలలో రెండు రోజుల సమ్మె, అందులోనూ హింస. బెల్లం ముక్క అయిపోయాక కర్ర బయటికి తీశారన్నమాట.

అసలు ముప్ఫై కిలోమీటర్ల దూరం ఎలా పుట్టింది? దేవుడు పెట్టింది కాదు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ రంగువాడు ఎక్కడుండాలో గీత గీసింది. ఊరి గుండెల్లో ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966 ఫిబ్రవరి 11న తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, అక్కడి అరవై వేల మందిని తర్వాతి ఏళ్లలో ఇసుక మైదానాలకు తోలేశారు. లాంగా, న్యాంగా అనే నల్లవాళ్ల పేటలు అంతకుముందే ఉన్నాయి. ఖాయెలిత్షా 1983లో పుట్టింది. పనికి మనుషులు కావాలి, వాళ్ల ఇళ్లు మాత్రం కంటికి కనిపించకూడదు. ఆ ఏర్పాటులోని ఖాళీలోంచి పుట్టుకొచ్చిందే ఈ టాక్సీ. బస్సు కంపెనీల గుత్తాధిపత్యం నడిచిన రోజుల్లో చట్టంలోని సందు చూసుకుని నల్లవాళ్లు కొద్దిమంది ప్రయాణికులతో వ్యాన్లు తిప్పారు. 1988లో ప్రభుత్వం నియంత్రణలు సడలించాక పదహారు సీట్ల వ్యాన్లు చట్టబద్ధంగా రోడ్డెక్కాయి. ఎనభైల్లో ఈ వ్యాన్లను జనం 'జోలా బడ్' అని పిలిచేవారు, చెప్పుల్లేకుండా పరిగెత్తే పరుగు పందెపు అమ్మాయి పేరు. పరుగు నిజమే, కానీ దాంతోపాటు రూట్ల కోసం తుపాకీ యుద్ధాలూ వచ్చాయి. 2021 జూలైలో పార్ల్ పక్కనున్న ఎంబెక్వెనికీ బెల్‌విల్‌కీ మధ్య ఒకే ఒక్క రూటు కోసం రెండు సంఘాలు కొట్టుకుచావడంతో ప్రభుత్వం ఆ రూటునే మూసేసింది.

రైలు ఉండి ఉంటే 2023లో ఇంత కష్టం ఉండేది కాదు. ఖాయెలిత్షా, మిచెల్స్ ప్లెయిన్‌లకు పోయే సెంట్రల్ లైన్ 2019లోనే మూతపడింది. కేబుళ్లు దొంగలు కోసుకుపోయారు. కోవిడ్ లాక్‌డౌన్‌లో నిలువనీడ లేనివాళ్లు పట్టాల మీదే రేకుల గుడిసెలు వేసుకున్నారు. కాబట్టి టాక్సీ ఆగితే మిగిలేది బస్సు, బస్సుని తగలబెడితే మిగిలేవి కాళ్లు.

ఇక్కడో సంగతి తేల్చుకోవాలి. శాంటాకో నాయకులు హింసకూ తమకూ సంబంధం లేదన్నారు, ఖండించారు. నిప్పు పెట్టిన ప్రతి చేతికీ సంఘం సభ్యత్వం ఉందని ఎవరూ అనడం లేదు. అయినా తగలబడిందెవరి బండి? పోటీదారు బండి. రాళ్లు పడిందెవరి మీద? జనాన్ని ఎక్కించుకున్న సొంత కార్ల మీద, పేటల్లో తిరిగే 'అమఫేలా' డొక్కు కార్ల మీద. సమ్మె అంటే తన చేతుల్ని తాను కట్టేసుకోవడం. పక్కవాడి కాళ్లు కట్టేయడం వేరే పని, దానికి ఏ కార్మిక హక్కూ కాపు కాయదు. పైగా ఇది కార్మికుల సమ్మె కూడా కాదు, బండ్ల యజమానులది. బండి సొంతం కాని డ్రైవరూ, అతని కంటే బీదవాడైన ప్రయాణికుడూ ఇద్దరూ అందులో పావులే.

ఆ దేశంలో దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే నడక ఒకటుంది. జొహానెస్‌బర్గ్ శివారులోని అలెగ్జాండ్రాలో 1943లో బస్సు చార్జీ నాలుగు పెన్నీల నుంచి ఐదుకి పెంచితే, వేలాదిమంది తొమ్మిది రోజులు బస్సెక్కకుండా నడిచారు. పాతికేళ్లు నిండీ నిండని నెల్సన్ మండేలా ఆ నడకలో ఉన్నాడు, పెంపు రద్దయింది. 1957 జనవరిలో మళ్లీ అదే పెన్నీ, మళ్లీ అదే మాట: 'అజిక్వెల్వా', ఎక్కేది లేదు. ఈసారి దాదాపు మూడు నెలలు. పోను పదిహేను, రాను పదిహేను కిలోమీటర్లు. దారిలో లిఫ్టు ఇచ్చిన కార్లను పోలీసులు ఆపి వేధించారు. చివరికి పాత నాలుగు పెన్నీల చార్జీయే నిలిచింది. మిగతా భారం వాళ్లను పనిలో పెట్టుకున్న యజమానుల మీద వేస్తూ పార్లమెంటు ఆ ఏడాదే చట్టం చేసింది.

రెండు నడకల్నీ పక్కపక్కన పెడితే వింతగా ఉంటుంది. దూరం ఇంచుమించు అంతే, నడిచిన జనం కూడా అలాంటివాళ్లే. 1957లో లిఫ్టు ఇచ్చిన కారుని అడ్డుకున్నది పోలీసులు. 2023లో అడ్డుకున్నది సమ్మె పేరు చెప్పుకున్నవాళ్లు. అప్పుడు నడక ఆయుధం, ఇప్పుడు శిక్ష. 2023 సమ్మె సరిగ్గా ఆగస్టు 9 మీదుగా సాగింది. 1956లో అదే తేదీన ఇరవై వేల మంది స్త్రీలు, నల్లవాళ్లు అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాలకు వ్యతిరేకంగా ప్రిటోరియాలో యూనియన్ బిల్డింగ్స్‌కు నడిచారు, దాని గుర్తుగా ఆ రోజు జాతీయ సెలవు. సెలవు కాబట్టి ఆ ఒక్క రోజు ఆడవాళ్లకు ఎన్2 మీద నడిచే బాధ తప్పింది.

ఇంక తెలుగువాళ్ల సంగతి. కేప్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్, బ్యాంకు ఉద్యోగాలకు వచ్చినవాళ్లు కొద్దిమందే, కానీ వాట్సాప్ గ్రూపుకు లోటు లేదు. ఆ వారమంతా గ్రూపులో ఒకటే ప్రశ్న: "అన్నా, ఎయిర్‌పోర్టు రోడ్డు తెరిచారా?" అడగడం తప్పు కాదు. విమానాశ్రయం పక్కనే ఉన్న న్యాంగాలోకి మళ్లిన కారులో నలభై ఏళ్ల బ్రిటిష్ జాతీయుణ్ని కాల్చి చంపారు. భయం పుట్టకపోతేనే ఆశ్చర్యం. అయితే సమ్మెలో పోయిన ప్రాణాలు మొత్తం ఐదు. అందులో అదే న్యాంగాలో గస్తీ తిరుగుతూ చనిపోయిన నగర భద్రతాధికారి ఒకరు. బయటి దేశాల పత్రికల్లో ఎక్కువగా కనిపించింది మాత్రం ఆ బ్రిటిష్ మనిషి ఒక్కడి పేరే. వాట్సాప్ గ్రూపులోనూ అంతే. పరాయి దేశంలో ఉన్నవాడికి తనలాంటి పరాయివాడి చావే ముందు తగులుతుంది. అది మనిషికి సహజం అనుకోవచ్చు, కానీ లోపమే.

పైగా పరాయివాళ్లందరూ ఒక్కటి కారు. ఈ వ్యాసకర్త ఉన్న అపార్ట్‌మెంటు గేటు దగ్గర పగటి కాపలాదారు కిన్షాసా మనిషి, ఫ్రెంచి యాసలో ఇంగ్లీషు మాట్లాడేవాడు. సోమవారం సాయంత్రం అతన్ని డ్యూటీ నుంచి విడిపించాల్సిన రాత్రి కాపలాదారు రాలేదు. ఖాయెలిత్షాలో బయల్దేరి మూల మలుపు దాకా వచ్చాడట. యూనిఫాం చూసి అక్కడ నిలబడ్డవాళ్లు ఇంటికి పొమ్మన్నారట. కిన్షాసా ఆయన ప్లాస్టిక్ కుర్చీలోనే రాత్రి గడిపాడు, మర్నాడు పగలూ ఉన్నాడు. మెట్లకింద కెటిల్, ఒక దుప్పటి, ఫోన్‌లో తక్కువ శబ్దంతో చర్చి పాటలు. కరెంటు కోతల ఏడాది కాబట్టి గేటు మోటారు పనిచేయని గంటల్లో ప్రతి కారుకీ లేచి తోసేవాడు. లోపలికొచ్చే కార్లలో సగం ఇంటినుంచే పనిచేస్తూ పాల ప్యాకెట్టుకు మాత్రం బయటికెళ్లినవి. ఆయనా విదేశీయుడే, ఈ వ్యాసకర్తా విదేశీయుడే. ఒకరికి ఆ వారం నెట్ స్పీడ్ కష్టం, మరొకరికి రాత్రీ పగలూ తెగని డ్యూటీ.

తెలుగువాళ్లు ఆ దేశానికి నిన్నా మొన్నా వచ్చినవాళ్లు కాదన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. ఆ ఏళ్లలో నాటాల్ చెరకు తోటల్లో దిగిన ఒప్పంద కూలీల్లో ఎందరో తెలుగువాళ్లు. వాళ్ల సంతానమే 1931లో ఆంధ్ర మహాసభ పెట్టింది. అదే డర్బన్‌లో భారతీయులు బస్సులూ నడిపారు. రూటు లైసెన్సులు వాళ్లకు దక్కుతున్నాయి, ఆఫ్రికన్లకు దక్కడం లేదన్న మంట 1949 జనవరి అల్లర్లకు కారణాల్లో ఒకటి. ఆ కొద్ది రోజుల్లో 142 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆఫ్రికన్లే, యాభై మంది భారతీయులు. అంటే ఆ దేశంలో బస్సు, రూటు, పర్మిట్ అనే మాటల వెనక మనవాళ్లు ఒకప్పుడు యజమానుల వైపు నిలబడి, ఆ వేడిలోనే మాడారు కూడా. ఈ చరిత్ర తెలిసినవాడు "ఈ దేశం వాళ్లింతే" అని తేలిగ్గా అనలేడు.

మనకి బస్సు అద్దాలు పగలగొట్టడం కొత్తా? ఏ పార్టీ బంద్ పిలుపిచ్చినా మొదటి రాయి ఆర్టీసీ బస్సుకే. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు జనం ఇబ్బంది పడ్డ మాట నిజం. కానీ ముందుగా జీతాలు పోగొట్టుకున్నది వాళ్లు, ప్రాణాలు తీసుకున్నదీ వాళ్లలో కొందరు. ఫలితం ఏమైనా, నొప్పి మొదట తమ మీదే వేసుకున్నారు. ఈ తేడా తెలియనట్టు నటించే రాజకీయాలు రెండు దేశాల్లోనూ ఉన్నాయి.

సమ్మె లెక్కల్లో కనపడేవి తగలబడ్డ బస్సులు, వందమందికి పైగా అరెస్టులు. అంతగా కనపడనిది బడి. ఆగస్టు 7, సోమవారం ఒక్కరోజే పశ్చిమ కేప్‌లో నాలుగున్నర లక్షల మందికి పైగా పిల్లలు బడికి రాలేదని ఆ రాష్ట్ర విద్యాశాఖ చెప్పింది. ఆసుపత్రుల్లో నర్సులు చేరుకోలేక అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేశారు. సమ్మెకు ముందే ఈ పిల్లల బడులూ ఈ రోగుల ఆసుపత్రులూ దూరమే. టాక్సీ ఆ దూరాన్ని ఇన్నాళ్లూ కప్పిపుచ్చింది, అంతే.

ఆగస్టు 10 రాత్రి ఒప్పందం కుదిరింది. ఏ తప్పులకు బండి జప్తు చేయాలో తేల్చడానికి ఒక కమిటీ, దానికి పద్నాలుగు రోజుల గడువు. మాట్లాడుకుంటే కుదిరే మాటే ఇది. వారం ముందు మాట్లాడుకుంటే ఐదుగురు బతికేవారు. శుక్రవారం పొద్దున మెయిన్ రోడ్డు మీద గార్చీల రాగాలు మళ్లీ మొదలయ్యాయి. నిన్నటిదాకా నడిచినవాళ్లే, ఒక్క మాట తిట్టకుండా, అవే వ్యాన్లు ఎక్కారు. తిడితే ఇంకేం ఎక్కుతారు?

దానికి కొసమెరుపుగా జీతాల గొడవ వచ్చింది. పనికి రాకపోతే కూలి లేదన్నది అక్కడ చట్టసమ్మతమే. సమ్మె తనది కాకపోయినా, దారిలో రాళ్లు పడుతున్నా, ఆ రోజు డబ్బులు ఇవ్వాలన్న నియమం లేదు. ఆ ఏడాది మార్చి నుంచి కనీస వేతనం గంటకు 25.42 రాండ్లు, ఇంటిపని వాళ్లకూ అదే. ఎనిమిది గంటల రోజుకు 203 రాండ్లు, అప్పటి మారకంలో దాదాపు 900 రూపాయలు. ఎంతోమంది యజమానురాళ్లు, వాళ్లలో మన తెలుగు ఇళ్లూ ఉన్నాయి, నెలాఖరున ఆ రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టి కోసేశారు.

విదేశంలో ఉంటున్న తెలుగువారికి ఈ వ్యాసకర్త మనవి ఒక్కటే. మీరున్న ఊళ్లో ఇలాంటి సమ్మె వస్తే ఎయిర్‌పోర్టు రోడ్డు గురించి తప్పకుండా అడగండి. దాంతోపాటు మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి రాత్రికి ఇల్లు చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, చేరలేకపోతే పడుకోవడానికి చోటివ్వండి. ఆమె రాలేకపోయిన రోజులకు కూడా జీతం ఇచ్చేయండి.